లాన్ తీసేసి నీళ్లు తక్కువ పట్టే తోట వేయాలి: ఎక్కడ మొదలుపెట్టమంటారు?

చిగురు
అందరికీ నమస్కారం. ఇల్లు కట్టినప్పుడు ముందున్న ఖాళీ జాగా అంతా లాన్ వేయించాం. దాదాపు 60 చదరపు మీటర్లు ఉంటుంది. గోడ వెంబడి కొన్ని పూల మొక్కలు, ఒక మూల చిన్న వేప మొక్క ఉన్నాయి. రోజూ సాయంత్రం ముప్పావు గంట పైపు పట్టుకుని తడుపుతాను. మొన్న ఎందుకో అనుమానం వచ్చి పైపు కింద 15 లీటర్ల బకెట్ పెట్టి చూశాను. సరిగ్గా నిమిషంలో నిండింది. అంటే రోజుకు 675 లీటర్లు! ఆ లెక్క కాగితం మీద చూసుకున్నాక చాలా బాధేసింది. అన్ని నీళ్లు పోసినా గడ్డి మధ్యమధ్యలో పసుపు తిరిగే ఉంది.

ఇంట్లో రెండు ఆలోచనలు నడుస్తున్నాయి. గడ్డి పీకేసి, ప్లాస్టిక్ షీట్ పరిచి, పైన తెల్ల కంకర పోయించడం ఒకటి. ఆర్టిఫీషియల్ గడ్డి రెండోది. మావారికి రెండిట్లో ఏదైనా సరే, పని తగ్గుతుందంటారు. నాకే మనసొప్పడం లేదు. పాప చెప్పుల్లేకుండా ఆడుకునేది అక్కడే. పిచ్చుకలు, సీతాకోకచిలుకలు వచ్చే తోట కావాలి, నీళ్లు మాత్రం ఇన్ని పోయకూడదు. ఇలాంటిది చేసినవాళ్లుంటే దారి చూపించండి.

ఎర్రమట్టి
చిగురు గారూ, ఇప్పుడే ఏదీ పీకకండి, ఏదీ కొనకండి. రేపు సాయంత్రం మామూలుగా తడపండి. ఎల్లుండి పొద్దున్నే గడ్డి మధ్యలో గునపంతో జానెడు లోతు గుంట తీసి, తడి ఎంత లోతు దిగిందో, గడ్డి వేర్లు ఎంతవరకు ఉన్నాయో చూసి ఇక్కడ రాయండి. మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.

గులకరాయి
కంకర మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను. ఐదేళ్ల కిందట నేను అచ్చంగా అదే చేశాను. కింద నల్ల ప్లాస్టిక్ షీట్, పైన మూడంగుళాల కంకర. మొదటి ఏడాది చూడముచ్చటగా ఉంది. రెండో ఎండాకాలానికి అసలు సంగతి తెలిసింది. పగలంతా రాళ్లు పీల్చుకున్న వేడి రాత్రి పొద్దుపోయేదాకా వదులుతూనే ఉండేది. ముందు గది కిటికీ తెరిస్తే సెగ కొట్టేది. గాలికి వచ్చిన దుమ్ము, రాలిన ఆకులు రాళ్ల సందుల్లో పేరుకుని మట్టయ్యాయి. ఆ మట్టిలో కలుపు మొలిచింది. కింద షీట్ ఉందిగా అనుకున్నాం కానీ, కలుపు షీట్ మీదే పెరుగుతోంది. వాన పడితే దిగే దారి లేక నీరంతా గేటు కింద నుంచి రోడ్డు మీదికి పోయేది.

పోయినేడు మొత్తం ఎత్తించాం. షీట్ లాగినప్పుడు కింద మట్టి బూడిద రంగులో, పుల్లటి వాసనతో, పలకలు పలకలుగా ఊడొచ్చింది. వెతికితే ఒక్క వానపాము కనపడలేదు. ఏడాదిగా కంపోస్టు పోస్తుంటే ఇప్పుడిప్పుడే కోలుకుంటోంది.

రాళ్లే వద్దని నేననను. నడిచే దారికి, మొక్కల మధ్య అక్కడక్కడ, కింద షీట్ లేకుండా వేస్తే నీరు చక్కగా దిగుతుంది. ఆర్టిఫీషియల్ గడ్డి మాత్రం ఎండలో అరికాళ్లు చుర్రుమనేంత వేడెక్కుతుంది, అరిగేకొద్దీ ప్లాస్టిక్ నలుసులు నేలలో కలుస్తాయి. పాప చెప్పుల్లేకుండా తిరిగే చోట వద్దేవద్దు.

నీడచెట్టు
గులకరాయి గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నీళ్లు తక్కువ పట్టే తోటకు వాడే 'జీరిస్కేప్' అనే మాటను చాలామంది 'జీరో' అనుకుని, మొక్కల్లేని రాళ్ల ముంగిలి అని అర్థం చేసుకుంటారు. ఆ మాటను 1981లో అమెరికాలోని డెన్వర్ నగర నీటి సంస్థ వాడుకలోకి తెచ్చింది. గ్రీకు మాట 'క్సీరోస్'కు పొడి అని అర్థం. వాళ్లు చెప్పిన సూత్రాల్లో నేలను బాగుచేయడం, అవసరమైనంత మేరకే గడ్డి ఉంచుకోవడం, మల్చింగ్ (మట్టి మీద ఎండుటాకుల్లాంటివి పరచడం), సరైన మొక్కల ఎంపిక అన్నీ ఉన్నాయి. గడ్డి అసలే వద్దని అందులో ఎక్కడా లేదు.

చిగురు
ఎర్రమట్టి గారూ, తవ్వి చూశాను. నమ్మబుద్ధి కాలేదు. తడి రెండు వేళ్ల మందమే ఉంది! దాని కింద గునపం దిగలేదు, ఇటుక మీద కొట్టినట్టు ఖణేల్మంది. గడ్డి వేర్లు ఆ రెండు వేళ్ల తడి మట్టిలోనే పక్కలకు అల్లుకుపోయి ఉన్నాయి, ఒక్కటీ కిందికి దిగలేదు. ముప్పావు గంట తడిపిన నేల అది. నీళ్లన్నీ ఎటు పోయినట్టు?

ఎర్రమట్టి
అనుకున్నట్టే ఉంది. ఓపిగ్గా చదవండి, కాస్త పెద్దగానే రాస్తున్నాను.

మీది బంక శాతం ఎక్కువున్న నేల. దాని మీద ఇంటి పని జరిగినప్పుడు లారీలు, ఇసుక, ఇటుకలు, మనుషుల నడక పడి అణిగిపోయింది. మట్టి రేణువుల మధ్య ఉండాల్సిన ఖాళీలు మూసుకుపోయాయి. నీరు, గాలి, వేరు, మూడూ ఆ ఖాళీల్లోనే బతకాలి. మీరు నిమిషానికి 15 లీటర్లు వదులుతుంటే, నేల దానిలో కొంచెమే తాగగలుగుతోంది. మిగతాది వాలు చూసుకుని అంచులకు పారుతోంది, పైన నిలిచింది మర్నాటి ఎండకు ఆవిరవుతోంది.

లెక్క చూడండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరంటే సరిగ్గా ఒక లీటరు. మండే ఎండల్లో కూడా గడ్డికి రోజుకు 5 మిల్లీమీటర్లు ఇస్తే మంచి తిండే. మీ 60 చదరపు మీటర్లకు అది 300 లీటర్లు. మీరు దానికి రెట్టింపు కన్నా ఎక్కువ పోస్తున్నా గడ్డి దాహంతోనే ఉంది. తప్పు గడ్డిది కాదు. ఈ నేలలో కంకర వేసినా, ఎడారి మొక్క పెట్టినా, డ్రిప్ బిగించినా ఇదే కథ. అందుకే ముందు నేల సంగతి చూడమంటున్నాను. మీ ముంగిట్లో ఉన్న అన్నిటికన్నా పెద్ద నీళ్ల ట్యాంకు ఆ మట్టే. దాని మూత ఇప్పుడు బిగుసుకుపోయి ఉంది.

రెండు పరీక్షలు చేయండి. ఒక గాజు సీసాలో మూడోవంతు మట్టి వేసి, నిండా నీళ్లు పోసి, గట్టిగా కుదిపి కదలకుండా పెట్టండి. ఇసుక నిమిషంలోపే అడుగుకు చేరుతుంది, ఒండ్రు గంటా రెండు గంటల్లో దాని మీద కూర్చుంటుంది, బంక తేరుకోవడానికి ఒకట్రెండు రోజులు పడుతుంది. పొరల మందం చూస్తే మీ మట్టి ఏమిటో తెలిసిపోతుంది. రెండోది, అడుగు లోతు గుంట తీసి నీళ్లతో నింపండి. అది ఇంకిపోయాక మళ్లీ నింపి, గంటకు ఎంత దిగుతోందో స్కేలు పెట్టి కొలవండి. గంటకు రెండు నుంచి ఐదు సెంటీమీటర్లు దిగితే దిగులు లేదు. మర్నాటికీ నిలిచే ఉంటే నేలతో చాలా పని ఉందన్నమాట.

ఈలోగా తడిపే తీరు మార్చండి. సాయంత్రం బదులు తెల్లవారుజామున. రోజూ కాకుండా మూడు రోజులకోసారి. ఒక్క ఊపున కాకుండా పది నిమిషాలు తడిపి ఆపి, గంట తర్వాత మళ్లీ పది నిమిషాలు. మొదటి తడికి పైపొర మెత్తబడుతుంది, రెండో తడి లోపలికి దిగుతుంది. నీరు కిందికి దిగితేనే వేరు దాని వెంట దిగుతుంది.

కొత్తమొలక
ఎర్రమట్టి గారూ, చిన్న సందేహం. బంక నేల గుల్లబారాలంటే ఇసుక కలపమని మా పక్కింటాయన చెప్పారు. కలపొచ్చా?

ఎర్రమట్టి
వద్దమ్మా. బంక మట్టిలో కొంచెం ఇసుక కలిపితే బంక రేణువులు ఇసుక సందుల్లో దూరి, ఎండాక మరింత గట్టిపడుతుంది. పనిచేసేంత ఇసుక కలపాలంటే సగానికి సగం మట్టిని మార్చాలి. బంక నేలకైనా ఇసుక నేలకైనా మందు ఒకటే, బాగా మాగిన కంపోస్టు. బంకలో అది రేణువులను గుత్తులుగా కట్టి ఖాళీలు తెరుస్తుంది, ఇసుకలో జారిపోయే నీటిని పట్టి ఉంచుతుంది. తడి బంక నేలను మాత్రం తవ్వొద్దు, తొక్కొద్దు. పిండి ముద్దలా అణిగిపోతుంది.

నీటిలెక్క
నాది పైకప్పు లెక్క. చిగురు గారి ఇంటి కప్పు ఎంతో తెలియదు, 100 చదరపు మీటర్లనుకుందాం. 20 మిల్లీమీటర్ల వాన పడితే 2000 లీటర్లు. తడిసి ఆరేది, చింది పోయేది తీసేసి 80 శాతం పట్టుకున్నా 1600 లీటర్లు. ఒక్క మంచి వాన! కానీ 500 లీటర్ల డ్రమ్ము పెట్టారనుకోండి, 6 మిల్లీమీటర్లకే నిండి పొర్లుతుంది. అందుకే డ్రమ్ము ఒక్కటే పెట్టి ఊరుకుంటే చాలదు. పొర్లిన నీటికి తోటలో చోటు చూపించాలి.

నేను చేసింది చెప్తాను. కప్పు గొట్టం దగ్గర మొదటి వాన నీరు పక్కకు పోయేలా ఒక చిన్న పైపు ముక్క పెట్టాను, దుమ్ము, పక్షి రెట్టలు దానితో పోతాయి. తర్వాతిది డ్రమ్ములోకి. డ్రమ్ముకు ముదురు రంగు ఉండాలి, లేకపోతే నాచు పడుతుంది. మూతికి సన్నటి దోమ జాలీ బిగుతుగా కట్టాలి, చిన్న సందు ఉన్నా దోమ దూరుతుంది. పొర్లే నీరు లోతు తక్కువున్న ఒక కాలువ గుండా మూలనున్న పల్లపు మడిలోకి పోతుంది. పచ్చిక మీద బెత్తెడు లోతు వంపు తీశానంతే. మడి జానెడు లోతు, పళ్లెంలా. అడుగున కంపోస్టు కలిపిన మట్టి, నీరు దూకే చోట కోత పడకుండా నాలుగు పెద్ద రాళ్లు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. మడి ఇంటి పునాదికి కనీసం మూడు మీటర్ల దూరంలో ఉండాలి, వాలు ఇంటి నుంచి బయటికే ఉండాలి. నిలిచిన నీరు ఒకటి రెండు రోజుల్లో ఇంకాలి. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి ఆ లోపే ఇంకిపోతే బెంగ లేదు. ఎర్రమట్టి గారు చెప్పిన గుంట పరీక్ష ఆ చోటే చేయండి. ఇంకకపోతే చోటు మార్చండి.

బిందువు
గోడ వెంబడి పూల మొక్కలకు డ్రిప్ పెట్టుకోండి, చిగురు గారూ. ఇజ్రాయెల్ ఇంజనీరు సింఖా బ్లాస్ ఆలోచన ఇది. కారుతున్న పైపు పక్కన ఒక చెట్టు మిగతా వాటికన్నా ఏపుగా ఎదగడం చూశాక ఆయనకు తట్టిందంటారు. 1965లో అక్కడి ఉమ్మడి వ్యవసాయ గ్రామమైన ఒక కిబ్బుట్జ్‌లో తయారీ మొదలైంది. ఇప్పుడు గంటకు 2, 4, 8 లీటర్లు వదిలే డ్రిప్పర్లు దొరుకుతాయి. బంక నేలకు 2 లీటర్లది నయం, నెమ్మదిగా వదులుతుంది కాబట్టి పారిపోదు. ఇసుక నేలలో నీరు నిట్టనిలువుగా దిగిపోతుంది, అక్కడ డ్రిప్పర్లు దగ్గర దగ్గరగా పెట్టాలి.

చాలామంది బిగించి మర్చిపోతారు, అక్కడే చెడుతుంది. ఫిల్టర్ లేకుండా పెట్టొద్దు. నెలకోసారి పైపు చివరి క్యాప్ తీసి, మురికి పోయేదాకా నీళ్లు వదలండి. మొక్క ఎదిగేకొద్దీ డ్రిప్పర్‌ను మొదలుకు దూరంగా జరపాలి. నీరు తాగే పీచు వేర్లు కొమ్మల అంచు కిందికి చేరుతూ ఉంటాయి, మనమేమో చిన్నప్పుడు పెట్టిన చోటే, మొదలు దగ్గరే పోస్తూ ఉంటాం. మొదలు కుళ్లేది కూడా అందుకే. టైమర్ పెట్టుకుంటే వాన కురిసిన రోజు ఆపడం మీ బాధ్యత.

ఇంకోటి, కుళాయి కారుతోందేమో చూడండి. సెకనుకు ఒక చుక్క అంటే రోజుకు 86,400 చుక్కలు. లీటరుకు దాదాపు 4000 చుక్కలు లెక్కేస్తే 21 లీటర్లకు పైనే. నా పది మొక్కలకు రెండు రోజులు సరిపోతాయి.

తీగమల్లె
డ్రిప్ మంచిదే. పైపులు, క్యాపులు టెన్షన్ అనుకునేవాళ్లకు మట్టి కుండ ఉంది. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దపు చైనా వ్యవసాయ గ్రంథంలోనే ఈ పద్ధతి ప్రస్తావన ఉంది. రంగు, మెరుగు వేయని మామూలు కుండను మెడ వరకు భూమిలో పాతి, నీళ్లు నింపి, మూత పెట్టడమే. మట్టి ఎండినప్పుడు కుండ గోడల్లోంచి నీరు ఊరుతుంది, మట్టి తడిగా ఉంటే ఊరడం తగ్గుతుంది. మొక్క ఎంత తాగితే అంతే.

నేను మొదటి కుండ పాతినప్పుడు అనుమానంగా ఉండేది, పైన చూస్తే పొడి మట్టే కనిపించేది. మూడో రోజు కుండ పక్కన వేలు గుచ్చి చూశాను. పైన అంగుళం పొడి, కింద చెయ్యంతా చల్లటి తడి. కొన్నాళ్లకు ఒక కుండ పగిలి పైకి తీస్తే, దాని చుట్టూ బంతి మొక్క వేర్లు వల అల్లినట్టు అతుక్కుని ఉన్నాయి. ఆ వలను చేత్తో విడదీయడానికి మనసు రాలేదు, అలాగే మట్టి కప్పేసి పక్కన ఇంకోటి పాతాను.

ఉప్పు నీళ్లయితే కుండ రంధ్రాలు పూడుకుపోతాయి. ఏడాదికోసారి తీసి గట్టి బ్రష్షుతో రుద్దాలి. మూత లేకుండా మాత్రం వదలొద్దు, దోమలు.

చిగురు
ఇన్ని సలహాలు ఇచ్చినందుకు చేతులెత్తి దండం పెడుతున్నాను. సీసా పరీక్ష చేశాను, సగానికి పైగా బంకే. గుంటలో నీరు వేప మొక్క వైపు గంటకు మూడు సెంటీమీటర్లు దిగింది, గేటు దగ్గర మర్నాటికీ అలాగే ఉంది. కాబట్టి పల్లపు మడి వేప వైపే. ఇప్పుడు మొక్కల సంగతి చెప్పండి. ఏవి పెట్టాలి?

నీడచెట్టు
ఏవి అనే ముందు ఎక్కడ అనేది చూడండి. ఒక సెలవు రోజు కాగితం మీద ముంగిలి బొమ్మ గీసుకుని పొద్దున 8కి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 4కి నీడ ఎక్కడ పడుతోందో రంగు పెన్సిళ్లతో నింపండి. తర్వాత దాహాన్ని బట్టి మొక్కలను గుంపులు చేయండి. ఎక్కువ నీరు అడిగేవి కుళాయికి, కప్పు గొట్టానికి దగ్గర. మధ్యరకం వాటి తర్వాత. వాన నీటితోనే బతికేవి ఎండ తగిలే అంచుల్లో. కలబంద పక్కన నీళ్లు ఎక్కువ తాగే మొక్క పెడితే ఒకదానికి పోసిన నీరు ఇంకోదాన్ని కుళ్లబెడుతుంది.

ఎండ అంచులకు తంగేడు, కలబంద, టేబుల్ రోజ్, గైలార్డియా బాగుంటాయి. కలబంద లాంటివి పగలు ఆకు రంధ్రాలు మూసుకుని రాత్రి తెరుస్తాయి, అందుకే ఎండలో నీరు పోగొట్టుకోవు. గోడకు కాగితం పూల తీగ పెట్టండి, నీరు ఎక్కువైతే అది ఆకులు పెంచుకుంటుంది తప్ప పూయదు. పల్లపు మడి అంచున వట్టివేరు. దాని వేర్లు నిట్టనిలువుగా మూడు నాలుగు మీటర్లు దిగి మట్టిని పట్టి ఉంచుతాయి. కొంచెం తడి, కొంచెం నీడ ఉన్న చోట నందివర్ధనం. సీతాకోకచిలుకలు కావాలంటే పూలు ఒక్కటే చాలవు, గొంగళి పురుగులకు తినే ఆకు కావాలి. కరివేపాకు మొక్క ఒకటి పెట్టి, దాని ఆకు కొరికిన పురుగును చంపకుండా ఓర్చుకోండి.

రెండు మాటలు గట్టిగా చెప్తాను. గన్నేరు నీరు లేకపోయినా బతుకుతుంది కానీ వేరు నుంచి పువ్వు దాకా విషం. చిన్న పాప ఉన్న ఇంట్లో వద్దు. లాంటానా కూడా వద్దు. అందానికని తెచ్చిన ఆ మొక్క ఎన్నో దేశాల్లో అడవులను కమ్మేసి స్థానిక మొక్కలకు చోటు లేకుండా చేసింది. నీరు తక్కువ అడిగే ప్రతి మొక్కా నేలకు మేలు చేస్తుందని లేదు. మీ చుట్టుపక్కల బీడులో ఎవరూ నీళ్లు పోయకుండా పెరిగేవేమిటో చూస్తే మంచి జాబితా దొరుకుతుంది.

ఎండకు ఓర్చుకునే మొక్కకైనా మొదటి ఏడాది నీళ్లు పోయాలి. వేరు దిగాకే ఓర్పు వస్తుంది. వానల ముందు నాటితే సగం పని వాన చేస్తుంది.

కొత్తమొలక
వాషింగ్ మెషీన్ నీళ్లు పోయొచ్చా? రోజూ డ్రైనేజీలోకి పోతుంటే ప్రాణం ఉసూరుమంటోంది.

గులకరాయి
నేను రెండేళ్లుగా పోస్తున్నాను, బాగానే ఉంది.

తీగమల్లె
నాకు బాగుండలేదు. ఆరు నెలలు పోశాక ఆకుల అంచులు కాలినట్టు అయ్యాయి, మట్టి పైన తెల్లటి పొర, నీళ్లు పోస్తే ఇంకకుండా నిలిచిపోవడం. మందార మొక్కలు రెండు పోయాయి. ఎంతో ప్రేమగా పెంచుకున్నవి.

ఎర్రమట్టి
ఇద్దరూ చెప్పింది నిజమే. తేడా సబ్బు పొడిలో, నేలలో ఉంటుంది. చాలా పొడుల్లో సోడియం లవణాలు ఎక్కువ. బంక నేలలో సోడియం పేరుకుంటే మట్టి గుత్తులు విడిపోయి రంధ్రాలు మూసుకుపోతాయి. తీగమల్లె గారు చూసింది అదే. ఇసుక నేలలో, మంచి వానలు పడే చోట అది కొట్టుకుపోతుంది. పోయాలనుకుంటే సోడియం, బోరాన్ తక్కువున్న ద్రవ సబ్బు వాడండి, చివరిగా జాడించిన నీళ్లే తీసుకోండి, ఒకసారి ఈ నీళ్లు పోస్తే మరోసారి మంచి నీళ్లు పోయండి. ఒక రోజుకు మించి నిల్వ ఉంచొద్దు, కుళ్లుతాయి. పచ్చిగా తినే ఆకుకూరలకు, దుంపలకు అసలే వద్దు. పసిపిల్లల లంగోటీలు ఉతికిన నీళ్లు, బ్లీచ్ కలిపినవి డ్రైనేజీకే పోనివ్వండి. చిగురు గారూ, మీ బంక నేలకు నేనైతే ఈ నీళ్లు సిఫారసు చేయను.

చిగురు
మీ మాటే వింటాను. ఇంకొక్క ప్రశ్న. మల్చింగ్ అని ఎండుటాకులు పరిస్తే చెదలు పడతాయని, పాములు వస్తాయని మా అత్తయ్య భయపడుతున్నారు.

నీడచెట్టు
పెద్దావిడ భయం కొట్టిపారేసేది కాదు. ఆకులు కుప్పగా పోయకుండా రెండు నుంచి నాలుగు అంగుళాల మందం పరిస్తే పాము దాక్కునే చోటుండదు. పాములు చేరేది కట్టెల మోపులు, ఇటుకల గుట్టల కింద, అవి తీసేయండి. నడిచే దారి మీద ఆకులు లేకుండా ఊడ్చి ఉంచండి. చెదల కోసం ఇంటి గోడకు అడుగు దూరం, మొక్క మొదలుకు బెత్తెడు దూరం వదలండి. మొదలు చుట్టూ కుప్ప పోస్తే బెరడు కుళ్లుతుంది కూడా. ఆకులు మట్టిలో కలపొద్దు, పైనే ఉండాలి. పచ్చి రంపపు పొట్టు మట్టిలో కలిపితే అది కుళ్లేటప్పుడు నత్రజనిని లాగేసుకుని మొక్క పాలిపోతుంది, పైన పరిస్తే ఆ ఇబ్బంది లేదు.

గడ్డి తీయాల్సిన చోట పీకే శ్రమ కూడా అక్కర్లేదు. బాగా తడిపి, టేపు ఊడదీసిన అట్టపెట్టెలు అంచు మీద అంచు వచ్చేలా పరిచి, మళ్లీ తడిపి, పైన కంపోస్టు, ఆకులు వేయండి. వెలుతురు అందక గడ్డి చచ్చి అక్కడే ఎరువవుతుంది. గరిక మాత్రం మొండిది, అంచుల్లోంచి పాకి వస్తుంది, రెండు మూడు సార్లు ఏరాలి.

చిగురు
ఐదు నెలలైంది. మీ అందరికీ చెప్పాల్సిన బాకీ ఉంది నాకు.

గడ్డి మొత్తం తీయలేదు. పాప ఆడుకునే చోట 15 చదరపు మీటర్లు ఉంచాం, కోసేటప్పుడు ఎత్తుగా వదిలి, కోసిన గడ్డి దాని మీదే పడేస్తున్నాం. మిగతా చోట అట్టపెట్టెలు పరిచాం. వాటిని తడిపి పరచడంలో మావారు, అత్తయ్య కూడా కూర్చున్నారు. రెండు నెలల తర్వాత ఒక చోట ఎత్తి చూస్తే అట్ట మెత్తటి ముద్దై, కిందంతా పుట్టగొడుగు బూజు తెల్లటి దారాల్లా అల్లుకుని ఉంది. గునపం దించితే ఖణేల్మనలేదు.

మొదటి పెద్ద వాన రాత్రి పదకొండుకు వచ్చింది. ముగ్గురం టార్చిలైటు పట్టుకుని అరుగు మీద నిలబడ్డాం. డ్రమ్ము నిండింది, నీరు వంపు వెంట గలగలా వెళ్లి మడిలో చేరింది. మడి పొంగి గేటు వైపు పారుతుందేమోనని గుండె పీచుపీచుమంది, పొంగలేదు. పొద్దున్నకు బెత్తెడు నీళ్లున్నాయి, ఆ సాయంత్రానికి లేవు. వట్టివేరు మొలకలు ఒండ్రు అంటుకుని నిలబడి ఉన్నాయి.

లెక్క కూడా రాస్తున్నాను, నీటిలెక్క గారి కోసం. వాన లేని వారాల్లో గోడ వెంబడి 22 డ్రిప్పర్లు, 4 లీటర్లవి, ముప్పావు గంట చొప్పున వారానికి రెండుసార్లు. అంటే 132 లీటర్లు. గడ్డికి వారానికి రెండుసార్లు, 15 మిల్లీమీటర్ల చొప్పున, 450 లీటర్లు. మొత్తం 582. ఇంతకుముందు ఒక్క రోజుకు 675 పోసేదాన్ని. తప్పులూ జరిగాయి. కలబందకు డ్రిప్పర్ పెట్టి మూడు మొక్కలు కుళ్లబెట్టాను. 2 లీటర్లవి పెట్టమన్నారు బిందువు గారు, నేను 4వి తెచ్చాను. మొదట్లో నీరు పారింది, పావుగంట చొప్పున మూడు దఫాలుగా వదలడం మొదలుపెట్టాక ఇంకుతోంది.

నీటిలెక్క
ఆ 450 ఇంకా తగ్గుతుంది. తడిపాక గడ్డిలో నాలుగు చోట్ల ఒకే సైజు డబ్బాలు పెట్టి నీటి ఎత్తు కొలవండి. ఒక డబ్బాలో 20, ఒకదాంట్లో 8 మిల్లీమీటర్లు ఉంటే పైపు తిప్పే తీరు సరిచేసుకోవాలి. అన్నిట్లో ఒకేలా వస్తే అప్పుడు మొత్తాన్ని తగ్గించి చూడండి.

ఎర్రమట్టి
చాలా సంతోషంగా ఉంది తల్లీ. మొదట తవ్విన చోటే మళ్లీ ఒకసారి తవ్వి చూశారా?

చిగురు
మీరు అడుగుతారని నిన్ననే తవ్వాను. మూడు రోజులుగా తడపని చోటది. పైన ఆకులు పక్కకు తోస్తే మట్టి నల్లగా ఉంది. గునపం ఒక్క పోటుకే దిగింది. జానెడు లోతున చెయ్యి పెడితే చల్లగా తగిలింది. మట్టి పిడికిట్లో నొక్కితే ముద్దయింది, వేలితో తడితే విడిపోయింది. రెండు వానపాములు ఉన్నాయి, పాప వాటిని చేతిలోకి తీసుకుని మళ్లీ జాగ్రత్తగా గుంటలో పెట్టి మట్టి కప్పింది. గేటు దగ్గర మాత్రం ఇంకా గట్టిగానే ఉంది, వచ్చే నెల అక్కడ కంపోస్టు వేస్తాం.

కొత్తమొలక
చిగురు గారూ, అట్టపెట్టెల మీద రంగు అచ్చు ఉంటే ఫర్వాలేదా?

చిగురు
మేం మెరిసే పూత ఉన్నవి పక్కన పెట్టేశామండీ, మామూలు గోధుమరంగు అట్టలే వాడాం. టేపులు, పిన్నులు పరిచే ముందే తీసేయండి, తర్వాత మట్టిలోంచి ఏరడం చాలా కష్టం.